ఈ ఒక్క కాలర్ అయ్యాక

పదకొండు కాకముందే మనోజ దగ్గరున్న రెండు బిళ్లలూ అయిపోయాయి.

ఎర్ర ప్లాస్టిక్ బిళ్లలవి. పొద్దున గేటు దగ్గర మనిషికి రెండు చొప్పున ఇస్తారు. బాత్రూంకు పోవాలంటే ఒక బిళ్ల తీసుకెళ్లి సూపర్‌వైజర్ దివాకర్ టేబుల్ మీదున్న డబ్బాలో వేయాలి. రోజుకు రెండుసార్లు. అన్నం గంటలో ఎటు పోయినా ఎవరూ అడగరు గానీ, ఆ అరగంటలో అరవై మంది ఆడవాళ్లకు ఉన్నవి రెండే బాత్రూంలు. సాగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో స్కూలు యూనిఫాంలు కుట్టే యూనిట్ అది. జూన్‌లో బడులు తెరిచేలోగా సరుకు వెళ్లిపోవాలి. ఏప్రిల్ నెల. రేకుల కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి.

మనోజది కాలర్ మిషన్. చొక్కా మెడ అంచును, కాలర్ పట్టీని కలిపి పట్టుకుని, మధ్య గాటు మీద వేలు ఆనించి, ఒక్క ఊపులో చుట్టూ తిప్పి కుట్టాలి. నిమిషానికొకటి, గంటకు అరవై. ఆమెకు ముందు మిషన్ మీద ప్రేమమ్మ భుజాలు కలుపుతుంది. వెనక మిషన్ మీద వజ్రమ్మ చేతులు ఎక్కిస్తుంది. మనోజ లేస్తే వజ్రమ్మ ఖాళీగా కూర్చోవాలి, ప్రేమమ్మ దగ్గర బట్ట గుట్టపడాలి.

కడుపులో ఎడమ పక్క, కింద, మెలి తిరగడం మొదలైంది. మనోజ పెడల్ మీద పాదం తీసి రెండు మోకాళ్లూ దగ్గరికి నొక్కుకుంది. ఒక మెలి వచ్చి పోయింది. రెండోది ఇంకా గట్టిగా వచ్చింది. నుదుటి మీద చెమట కాలర్ మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంది.

ప్రేమమ్మ వెనక్కి తిరగకుండానే ఇరవై చొక్కాల కట్టను మనోజ బల్ల మీదికి తోసింది. కట్ట పైన ఎర్ర బిళ్ల ఉంది.

"తీస్కపో. చూస్తవేంది?"

"నీకు పెద్దమ్మా? నీకు షుగరుండె."

"నేను పొద్దుగాల్నుంచి నీళ్లు తాగలె. పో, పో."

మనోజ లేచి, పరుగెత్తినట్టు కనబడకుండా పరుగెత్తింది. డబ్బాలో బిళ్ల వేస్తున్నప్పుడు దివాకర్ గోడ గడియారం వైపు చూశాడు. "మూడోసారి, మనోజమ్మా" అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. బాత్రూంలో పోయింది కొంచెం జిగురు, మిగతాదంతా నెత్తురు. రెండు మగ్గుల నీళ్లు కొట్టి, గోడకు చెయ్యి ఆనించి ఒక్క నిమిషం నిలబడింది. బయట ఎవరో తలుపు కొట్టారు.

అన్నం గంటలో వజ్రమ్మ తన డబ్బాలోంచి పప్పు వేయబోతే మనోజ చేయి అడ్డం పెట్టింది. తింటే పోవాలి. అందుకని పగలు తినడం మానేసి చాలా రోజులైంది.

"మొలలకు గింత నెత్తురు పోతదా?" అంది వజ్రమ్మ.

"మొలలని ఎనిమిది నెలల నుంచి ఆర్ఎంపీ మందులిచ్చిండు. పోయిన వారం సిటీల పెద్ద దవాఖాన్ల కెమెరా పెట్టి చూసిన్రు. రేపు రిపోర్టిస్తరు."

"రేపు సెలవు అడిగినవా?"

"అడిగిన. రేపటితోని ఈ నెల సెలవులు అయిపోయినయన్నడు దివాకర్ సారు."

ప్రేమమ్మ అన్నం నములుతూ మనోజ ముఖంలోకి చూసింది. తన డబ్బాలోని మజ్జిగన్నం మూతలో కొంచెం వంచి ఆమె ముందు పెట్టింది. "గిది కడుపుల నిలుస్తది. తిను" అంది.

మరుసటి రోజు దవాఖానలో డాక్టరు చిన్న వయసు మనిషి. రిపోర్టు చదివి, కాగితం వెనక పెన్నుతో పేగు బొమ్మ గీసింది. చివరి భాగంలో అడ్డంగా గీతలు కొట్టింది.

"ఇవి మొలలు కావమ్మా. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడింది. అల్సరేటివ్ కొలైటిస్ అంటరు. నీకు కింది భాగంలోనే ఉంది, పైకి పాకలేదు. గోలీలు రాస్తున్న. దాంతోపాటు ఇది కింది నుంచి పెట్టుకునే మందు. స్టెరాయిడ్."

మనోజ పక్కకు చూసింది. వరసలో నిల్చున్న మగమనిషి ఒకడు తల తిప్పుకున్నాడు. డాక్టరు లేచి తెర లాగింది.

"కిందికెళ్లి అంటే..."

"మలద్వారం నుంచే. పుండు అక్కడుంది, మందు అక్కడికే పోవాలె. నోట్లో నుంచి మింగితే ఒళ్లంతా తిరుగుతది. ఇదైతే చాలా వరకు అక్కడే ఆగి పనిచేస్తది." సొరుగులోంచి ఖాళీ డబ్బా, తెల్లటి గొట్టం తీసి చూపించింది. "ముందు బాత్రూంకు పోయి రా. డబ్బా బాగా ఊపు. గొట్టం దీనికి తగిలించి, డబ్బా నిలువుగా పట్టుకుని నొక్కితే నురగ ఎక్కుతది. ఈ గీత దాకా. తర్వాత గొట్టం ఊడదీసి, ఎడమ పక్కకు పండుకుని, కాలు ముడుచుకుని మెల్లగ పెట్టుకో. డబ్బా కాదు, గొట్టం మాత్రమే. కనీసం అరగంట కదలకు. రాత్రి పండుకునే ముందు పెట్టుకుంటే మంచిది, లోపల ఎక్కువసేపు నిలుస్తది."

"నిలవకుంటే?"

"మొదట్ల రెండు మూడు రోజులు నిలవకపోవచ్చు. పుండు మండుతది, బయటికి తోస్తది. మానెయ్యకు. రెండు వారాలు రోజూ. తర్వాత రోజు విడిచి రోజు. తగ్గిందని నీ అంతట నువ్వు ఆపొద్దు." డాక్టరు చీటీ మీద సంతకం పెడుతూ అడిగింది. "ఏం పని చేస్తవ్?"

"కుట్టు పని మేడం. లైన్ల."

"అక్కడ బాత్రూం దగ్గరుందా?"

"దగ్గర్నే ఉంది" అంది మనోజ. బిళ్లల సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. బయట వరస పొడుగ్గా ఉంది.

ఇబ్రహీంపట్నంలో వాళ్లున్నది గది, వంటిల్లు. బాత్రూం బయట, పక్కింటి వాళ్లతో కలిపి. బిడ్డ గురుకులం హాస్టల్లో ఉంది. మొగుడు నగేష్ ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. ఆ సాయంత్రం అతను సంచిలోంచి డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"షేవింగ్ నురగ లెక్కుంది గదా. గిది తాగాల్నా?"

"కాదు. కిందికెళ్లి పెట్టుకోవాలె."

నగేష్ డబ్బాను నెమ్మదిగా మంచం మీద పెట్టాడు. చేయి చొక్కాకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నట్టు తనకే తెలియదు. మనోజ చూసింది.

"నేను బయట ఆటోల కూసుంట" అన్నాడు.

తలుపు గడియ పెట్టి, పాత చీర నాలుగు మడతలు చేసి మంచం మీద పరిచింది. డబ్బా ఊపి నొక్కితే నురగ గొట్టంలోకి బుసబుసా ఎక్కి, గీత దాటిపోయింది. ఎడమ పక్కకు ఒరిగి, కుడి మోకాలు కడుపు దాకా ముడుచుకుంది. చేయి వెనక్కి పోయింది గానీ ఎటు పెడుతోందో కనబడదు. మొదటిసారి గొట్టం జారింది. రెండోసారి లోపలికి పోయింది. చల్లగా తగిలి, వెంటనే మంట లేచింది. పళ్లు బిగబట్టి గోడ మీది క్యాలెండర్లో తేదీలు లెక్కబెట్టింది. పదకొండో తేదీ దగ్గర మెలి వచ్చింది. ఇరవై దాకా పోలేదు. గడియ తీసి బయటి బాత్రూంకు పరుగెత్తితే అందులో పక్కింటివాళ్లున్నారు. చెంబు పట్టుకుని తలుపు ముందు నిలబడిపోయింది. ఆటోలో కూర్చున్న నగేష్ తల దించుకున్నాడు.

లోపలికి వచ్చి చీర పిండి ఆరేసి, చీకట్లో గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి మందంతా నేలపాలైంది.

బుధవారం పొద్దున గేటు దగ్గర బిళ్లలు తీసుకున్నాక ప్రేమమ్మ ఆమెను పక్కకు పిలిచింది. వజ్రమ్మ, కఫ్‌లు కుట్టే ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు.

"డాక్టరమ్మ ఏమన్నది?"

మనోజ నేల చూస్తూ చెప్పింది. పుండ్లు. స్టెరాయిడ్. ఎట్లా పెట్టుకోవాలో గొంతు తగ్గించి చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

"స్టెరాయిడంటే మొకం ఉబ్బుతదంటరు గదనే" అంది వజ్రమ్మ.

"మింగేదైతే గట్ల అయితదంట. గిది పుండు కాడనే పనిజేస్తదంట."

"ఎన్ని దినాలు పడ్తది?" అంది ప్రేమమ్మ.

"రెండు వారాలు రోజు పెట్టుకోవాలె. తర్వాత దినం విడిచి దినం."

ప్రేమమ్మ నలుగురి వైపూ చూసింది. "ఇంటున్నరా? మనం నలుగురం. ఒక్కొక్కటి మనకు, ఒక్కొక్కటి ఈమెకు. అన్నం గంటల ఎట్లయిన పోవచ్చు. రెండు వారాలు నీళ్లు తక్కువ తాగితే సచ్చిపోం." ముందు తన బిళ్లే తీసి మనోజ ఏప్రాన్ జేబులో వేసింది. మిగతా ముగ్గురూ వేశారు. వజ్రమ్మ వేస్తూ, "తొందరగ తగ్గిచ్చుకో తల్లీ, నా సంచి గింతే ఉంటది" అని పొత్తికడుపు మీద చేత్తో చూపించింది. అప్పుడు అందరూ నవ్వారు. మనోజ కూడా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజు ఆరు బిళ్లలూ అయిపోయాయి. గురువారం కూడా ఆరూ. గురువారం రాత్రి మొదటిసారి మందు పావుగంట నిలిచింది. శుక్రవారం నురగ సరిగ్గా గీత దగ్గర ఆపడం చేతనైంది. గొట్టం చివర కొంచెం నూనె రాస్తే మంట పుట్టదేమో అనుకుని, డాక్టరు చెప్పలేదని మానుకుంది. శనివారం నగేష్ ఆటోలోకి పోలేదు. వంటింట్లో నిలబడి, "ఊపాల్నా దాన్ని? ఇటియ్యి" అని డబ్బా అందుకుని, అటు తిరిగే, టకటకా ఊపి ఇచ్చాడు. ఆ రాత్రి మనోజ క్యాలెండర్ అంతా లెక్కపెట్టి, మళ్లీ మొదటి తేదీకి వచ్చింది. అరగంట అయ్యిందని నగేష్ ఫోన్ మోగింది. అయినా ఆమె లేవలేదు. లేవాల్సిన పని పడలేదు. తెల్లారి ఐదుకు మెలకువ వచ్చేదాకా ఒక్కసారి కూడా బయటికి పోలేదు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

సోమవారం నెత్తురు చారగా మారింది. మంగళవారం అసలు కనబడలేదు. ఆమె నమ్మక మళ్లీ వంగి చూసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ఆ రోజు రెండు బిళ్లలే ఖర్చయ్యాయి. జేబులో నాలుగు మిగిలాయి. అన్నం గంటలో వజ్రమ్మ అడిగింది. "ఎట్లుంది?"

"ఇంకా పోతనే ఉంది" అంది మనోజ.

ఎందుకట్లా అన్నదో ఆమెకే తెలియదు. తగ్గిందంటే బిళ్లలు ఆగిపోతాయి. రేపో ఎల్లుండో మళ్లీ మొదలైతే మళ్లీ నలుగురి ముందు నిలబడి అడగాలి. ఈసారి వాళ్లంతట వాళ్లిచ్చారు. అడిగి తెచ్చుకోవడం వేరు. ఈ వారం గడవనీ, అనుకుంది. జేబులో చేయి పెడితే బిళ్లలు వేళ్లకు తగిలేవి. తగిలిన ప్రతిసారీ కడుపు కుదుటపడేది. సాయంత్రం గేటు దగ్గర పెట్టెలో మిగిలిన బిళ్లలు వేసేటప్పుడు చప్పుడు కాకుండా గుప్పిట లోపలే జారవిడిచింది.

బుధవారం ఒకసారి కడుపు మెలితిప్పింది. పరుగెత్తుకు పోయింది. గాలి తప్ప ఏమీ లేదు. అయినా ఆ భయం రోజంతా వదల్లేదు. గురువారం ఆమె గంటకు అరవై రెండు కాలర్లు వేసింది. దివాకర్ బోర్డు మీద ఆమె పేరు పక్కన టిక్కు పెట్టి, "గిట్లుండాలె" అన్నాడు. ఆ మాటకు లోపల సంతోషం కలిగింది. అన్నం గంటలో డబ్బా నిండా తెచ్చుకున్న అన్నం మొత్తం తినేసింది.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర ప్రేమమ్మ ముఖం పాలిపోయి ఉంది.

"రెండు దినాల సంది మూత్రం పోస్తుంటే ఒకటే మంట. షుగర్ ఎక్కువైందో ఏమో" అంటూనే ఒక బిళ్ల మనోజ జేబులో వేసింది. వేసి, ఒక్క క్షణం అక్కడే ఆగింది. మనోజ జేబు సర్దుకుంది. ప్రేమమ్మ లోపలికి వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నరకే ప్రేమమ్మ తన ఒక్క బిళ్లతో పోయి వచ్చింది. పదకొండు దాటింది. ప్రేమమ్మ కుట్టు నెమ్మదించింది. భుజం కుట్టు సగంలో ఆపి కాళ్లు మార్చుకుంటోంది, మళ్లీ మొదలుపెడుతోంది. మనోజ బల్ల మీదికి కట్టలు ఆలస్యంగా వస్తున్నాయి. పదకొండున్నరకు ప్రేమమ్మ వెనక్కి తిరిగింది. మనోజ కళ్లలోకి చూసింది. అడగలేదు. చూసింది, అంతే.

పొద్దున ఒకటి వేసినా మనోజ జేబులో ఇంకా ఐదు బిళ్లలున్నాయి.

ఇస్తాను, అనుకుంది. చేతిలో కాలర్ సగంలో ఉంది. మధ్య గాటు దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఆపితే కుట్టు ముడిపడుతుంది, విప్పదీయాలి. ఈ ఒక్క కాలర్ అయ్యాక ఇస్తాను. తల దించి పెడల్ నొక్కింది. ఆ కాలర్ అయ్యేసరికి ప్రేమమ్మ తన సీట్లో లేదు. దివాకర్ టేబుల్ ముందు నిలబడి ఉంది.

"బిళ్లేది?"

"బిళ్ల లేదు సారూ. జర పోనియ్యి. ఆపుకుంట లేను."

"అన్నం గంటకు ఇంక గంటన్నర గూడ లేదు. నీకిస్తే అందరికియ్యాలె. పో, కూసో."

మనోజ చేయి జేబులోకి పోయింది. ఇప్పుడు లేచి వెళ్లి ఇస్తే దివాకర్ చూస్తాడు. వచ్చి కూర్చోనీ, కట్ట కింద పెట్టి ఇస్తాను. ఇంకో కాలర్ అందుకుంది. ప్రేమమ్మ వచ్చి కూర్చుంది. మనోజ బిళ్ల తీసి కట్ట కింద పెట్టి ముందుకు తోయబోయింది. అప్పుడే ప్రేమమ్మ వీపు వంగింది. స్టూలు కింద సిమెంటు నేల మీద తడి కనబడింది. అది నెమ్మదిగా పెడల్ దాకా పారింది.

ముందు మిషన్లు ఆగాయి. తర్వాత లైన్ అంతా ఆగింది.

దివాకర్ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. ముక్కు మీద కర్చీఫ్ పెట్టుకున్నాడు. "చీ, చీ. బట్ట మీద పడ్డదా? పొద్దున రెండు బిళ్లలిచ్చినం గదా. పదకొండున్నరకే ఏం జేసినవ్ రెండు?"

ప్రేమమ్మ తల ఎత్తలేదు. "ఒకటి యాడనో పడిపోయింది సారూ."

వెనక నుంచి వజ్రమ్మ మనోజ వీపు వైపు చూస్తోంది. ఆ చూపు మనోజకు తెలుస్తోంది. ఆమె సూది మొన వైపు చూస్తూ కూర్చుంది. నోరు తెరవాలనుకుంది. చేతిలోని కాలర్ మడత సరిచేసింది.

దివాకర్ రిజిస్టర్ తెచ్చి ఏదో రాశాడు. "ఇంటికి పో. మళ్ల పిలుస్తం" అన్నాడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఆ యూనిట్‌లో అట్లా పంపినవాళ్లను మళ్లీ పిలిచింది లేదు.

ప్రేమమ్మ లేచింది. కత్తిరింపు ముక్కల సంచిలోంచి గుడ్డపేలికలు తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టింది. మనోజ ఉన్నట్టుండి లేచి, ఆమె చేతిలోని పేలిక పట్టుకుంది.

"నేను తుడుస్త పెద్దమ్మా."

"కూసో" అంది ప్రేమమ్మ, పేలిక వదలకుండా. "నీ లైన్ ఆగుతది."

తుడిచి, చేతులు కడుక్కుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, తడిచిన చీర కుచ్చెళ్ల ముందు ఆ సంచి అడ్డం పట్టుకుని ఆమె అరవై మంది మధ్య నుంచి నడిచి పోయింది.

ఆ సాయంత్రం నగేష్ డబ్బా ఊపి ఇచ్చాడు. మనోజ ఎడమ పక్కకు ఒరిగి మందు పెట్టుకుని, గోడ వైపు చూస్తూ జరిగింది చెప్పింది.

"నువ్వేం జేసినవ్ దాంట్ల?" అన్నాడు నగేష్. "తీసేసింది ఆ సూపర్‌వైజర్. నీ పానం బాగలేకుండె. ఎవరి పానం వాళ్లు చూసుకుంటరు."

"నాకు మంగళవారమే తగ్గింది."

నగేష్ డబ్బాకు మూత పెట్టాడు. "గది గాల్లకెవరికి ఎరుక?" అన్నాడు.

శనివారం ప్రేమమ్మ మిషన్ మీద అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన కొత్త మనిషి కూర్చుంది. గేటు దగ్గర మనోజ జేబులో ఎవరూ బిళ్ల వేయలేదు. వజ్రమ్మ ఆమె పక్క నుంచే పోయింది, పలకరించలేదు. మనోజకు ఆ రోజు ఒక్క బిళ్ల కూడా అవసరం పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన అయ్యేదాకా ఆగి మనోజ ప్రేమమ్మ ఇంటికి పోయింది. ప్రేమమ్మ గడప ముందు నీడలో కూర్చుని సొరకాయ చెక్కు తీస్తోంది. చర్చికి కట్టుకున్న తెల్ల చీర ఇంకా మార్చలేదు. మనోజను చూసి, లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మనోజ కుర్చీలో కూర్చోలేదు. నేల మీదే కూర్చుంది.

"దవాఖానకు పోయినవా పెద్దమ్మా?"

"పోయిన. ఇన్‌ఫెక్షనంట. గోలీలిచ్చిన్రు. నీళ్లు బాగ తాగుమన్నరు." ప్రేమమ్మ కొంచెం నవ్వింది. "ఇగ ఇంట్లనే గదా, మస్తు తాగుతున్న."

మనోజ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "శుక్రవారం నా జేబుల ఐదు బిళ్లలుండె."

సొరకాయ మీద కత్తి ఆగలేదు.

"నాకు మంగళవారమే నెత్తురు ఆగిపోయింది పెద్దమ్మా. అబద్ధమాడిన. మళ్ల వస్తదేమోనని భయానికి దాసిపెట్టుకున్న."

"ఎరుకనే" అంది ప్రేమమ్మ.

మనోజ తల ఎత్తింది.

"మంగళవారం సంది నువ్వు లేస్తలెవ్. నా కట్టలు నీ బల్ల మీద ఆగుతలెవ్. గురువారం డబ్బ నిండ అన్నం తిన్నవ్. ఇరవై ఏండ్ల సంది పక్క మిషన్లోళ్లను చూస్తున్న, గింత తెల్వదా నాకు?"

"మరెందుకిచ్చినవ్? శుక్రవారం గూడ ఎందుకేసినవ్ జేబుల? ఒక్కమాట అడిగితే..."

"అడిగితే ఇస్తువు. గది గూడ ఎరుకే." ప్రేమమ్మ చెక్కు తీసిన సొరకాయను పళ్లెంలో పెట్టి, కత్తి పక్కన పెట్టింది. "అడగకుంట ఇస్తవేమోనని చూసిన. నాలుగు దినాలు చూసిన."

ఇంట్లోంచి కుక్కర్ ఈల వినబడింది. ప్రేమమ్మ లేచి పోయి మంట తగ్గించి వచ్చింది. మనోజ అక్కడే, అట్లాగే ఉంది. ఏడుపు రావడం లేదు. వస్తే బాగుండు అనిపించింది.

"రేపు దివాకర్ సారుకు చెప్త. తప్పు నాదని చెప్త. నిన్ను మళ్ల పిలవమని అడుగుత."

"చెప్పు" అంది ప్రేమమ్మ. ఆ గొంతులో ఆశ లేదు, కోపమూ లేదు. "పిలిచినా నేను రాను బిడ్డా. అరవై మంది ముంగట తుడిచిన నేలది. మళ్ల దాని మీద కూసుండలేను." కత్తి మళ్లీ అందుకుని అంది, "మందు ఆపకు. డాక్టరమ్మ చెప్పినట్టే మెల్లగ తగ్గిచ్చుకో. నడుమల ఇడిస్తే మళ్ల ముదురుతదేమో."

మనోజ లేచింది. కాళ్లు మొక్కబోయింది. ప్రేమమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

సోమవారం మనోజ గంట కొట్టకముందే వచ్చి దివాకర్ టేబుల్ ముందు నిలబడింది. ఆమె చెబుతున్నంతసేపూ అతను బిళ్లలు జతలు జతలుగా పేరుస్తున్నాడు. మధ్యలోనే అన్నాడు.

"రెండు బిళ్లలతోని రోజుకు ఆరుసార్లు పోయినవ్. ఎవరివో తీసుకుంటున్నవని నాకు తెల్వదనుకున్నవా?"

"ఎరుకుండి ఎందుకు ఊకున్నరు?"

"ఎవరి బిళ్ల ఎవరేస్తే నాకేంది? అందరియి కలిపి డబ్బాల పడే లెక్క గంతే."

"మరి ప్రేమమ్మను ఎందుకు తీసేసిన్రు?"

దివాకర్ చేయి ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆమె ఈ నెల సగం దినాలు గంటకు అరవై అందుకోలె. పైనుంచి రెండుసార్లు అడిగిన్రు, ఎందుకుంచినవని. నేనే ఆపుకుంట వచ్చిన. తీసెయ్యాలంటే ఏదో ఒకటి రాయాలె గదా. గది దొరికింది."

రిజిస్టర్ అక్కడే తెరిచి ఉంది. శుక్రవారం తేదీ కింద ప్రేమమ్మ పేరు. ఎదురుగా 'బిళ్లల దుర్వినియోగం' అని రాసి ఉంది. మనోజ పెన్ను తీసుకుని, ఆ పేరు కింద తన పేరు రాసింది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న చేతిరాత. అక్షరాలు పెద్దగా, విడివిడిగా వచ్చాయి. ఎదురుగా అదే మాట చూసి దించింది.

దివాకర్ చదివాడు. కోప్పడలేదు. ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, స్కేలు పెట్టి ఆ పేరు మీద తిన్నగా గీత కొట్టాడు.

"నీది అరవై దాటుతది ఇప్పుడు. పిచ్చి పనులు చెయ్యకు. పో, కూసో."

మనోజ ఇంకా నిలబడే ఉంది. గంట కొట్టారు. వెనక మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి. ఆమె వచ్చి కూర్చుంది.

"ఏమన్నడు?" అంది వజ్రమ్మ వెనక నుంచి. శుక్రవారం తర్వాత అదే మొదటి మాట.

"పేరు కొట్టేసిండు."

"ఎవరిది?"

"నాది."

వజ్రమ్మ మిషన్ మళ్లీ మొదలైంది. కొత్త మనిషి భుజాలు కలిపిన మొదటి కట్ట మనోజ బల్ల మీదికి తోసింది. మనోజ చొక్కా మెడ అంచును, కాలర్ పట్టీని కలిపి పట్టుకుని, మధ్య గాటు మీద వేలు ఆనించింది. కడుపులో మెలి లేదు, మంట లేదు. పది గంటలకు దివాకర్ బోర్డు మీద ఆమె పేరు ఎదురుగా అరవై నాలుగు వేసి, టిక్కు పెట్టాడు.